క్యాష్‌బ్యాక్ ఇస్తామని ఇవ్వని షాపు మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడం ఎలా?

పండగ సేల్స్ అయిన మూడు నాలుగు నెలలకు నన్ను చాలామంది ఇదే అడుగుతుంటారు. "ఫ్రిజ్ కొంటే నాలుగు వేలు క్యాష్‌బ్యాక్ అన్నారండీ. తొంభై రోజుల్లో పడుతుందన్నారు. ఐదు నెలలైంది. షాపుకెళ్తే బ్యాంకునడగమంటున్నారు, బ్యాంకుకెళ్తే కంపెనీనడగమంటున్నారు. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయొచ్చా?"

వేయొచ్చు. లాయరు లేకుండా, కోర్టు ఫీజు లేకుండా, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. దీనికి దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. మనం ఇప్పటికీ కన్స్యూమర్ ఫోరం అని పిలిచేదాన్నే ఈ చట్టం జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ అంటుంది.

నేనూ ఒకసారి వాషింగ్ మెషీన్ మీద 3,500 రూపాయల కోసం ఈ దారిలో నడిచాను. పేపర్లో వచ్చిన ప్రకటన దాచుకోలేదు, బిల్లు మీద ఏమీ రాయించుకోలేదు. సేల్స్‌మన్ పంపిన ఒక్క వాట్సాప్ మెసేజే నన్ను నిలబెట్టింది. అందుకే ఈ మార్గదర్శిలో సెక్షన్ల కంటే కాగితాల గురించి ఎక్కువ చెబుతాను. ఇస్తామన్నది ఎవరు, ఎప్పటిలోగా ఇస్తామన్నారు అన్న రెండు సంగతులూ కాగితం మీద చూపగలిగితే మీ కేసు సగం అయిపోయినట్టే.

## 1. ఇస్తామన్నది ఎవరో తేల్చుకోండి

క్యాష్‌బ్యాక్ అన్న మాట ఒకటే అయినా వెనక ఉండే మనిషి వేరువేరు. ఎవరి మీద కేసు వేయాలో దీన్నిబట్టే తేలుతుంది.

షాపు సొంత ఆఫర్ అయితే డబ్బు షాపు వాలెట్‌లోనో, పాయింట్ల రూపంలోనో, ఓచర్‌గానో వస్తుంది. బాధ్యత షాపుదే.

తయారీ కంపెనీ ఆఫర్ అయితే కొన్నాక బిల్లు ఫొటో, సీరియల్ నంబరు లేదా ఐఎంఈఐ నంబరు కంపెనీ సైట్లో ఎక్కించమంటారు. ఇందులో కంపెనీతో పాటు ఆ ఆఫర్ చూపించి అమ్మిన షాపు కూడా జవాబు చెప్పాలి.

బ్యాంకు కార్డు ఆఫర్ అయితే డబ్బు కార్డు స్టేట్‌మెంట్‌లో జమ కావాలి. షాపు, కంపెనీ, బ్యాంకు ముగ్గురూ ఒకరి మీద ఒకరు తోసేసుకునేది ఎక్కువగా ఇక్కడే. ఎవరి పొరపాటో మనకు బయటి నుంచి తెలియదు కాబట్టి ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరు లేనివాళ్ల మీదకు నెట్టేస్తారు, కేసు అక్కడే ఆగుతుంది.

పొరపాటు బ్యాంకుదేనని స్పష్టంగా తెలిస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు. అదే విషయం మీద కమిషన్‌లో కేసు నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. రెండింట్లో ఏ దారో ముందే అనుకోండి.

## 2. గడువు, అర్హత చూసుకోండి

కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది. క్యాష్‌బ్యాక్ రావాల్సిన రోజు దాటినప్పటి నుంచి లెక్క. ఉదాహరణకు 2024 అక్టోబరు 10న కొన్నారు, 90 రోజుల్లో ఇస్తామన్నారు అనుకుందాం. గడువు 2025 జనవరి 8తో ముగుస్తుంది. అక్కడి నుంచి రెండేళ్లు.

నా సలహా మాత్రం కొన్న తేదీ నుంచే రెండేళ్లు లెక్కేసుకోండి. అప్పుడు ఎవరూ గడువు మీద వాదించలేరు. ఇంకో మాట గుర్తుంచుకోండి. మీరు మెయిల్ మీద మెయిల్ పెట్టినంత మాత్రాన గడువు పెరగదు. "పరిశీలిస్తున్నాం" అన్న జవాబులు చదువుతూ కూర్చుని రెండేళ్లు దాటబెట్టుకున్నవాళ్లను చూశాను. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అర్హత సంగతి. వస్తువు సొంత వాడకానికి కొని ఉండాలి. తిరిగి అమ్మడానికో, వ్యాపారం కోసమో కొంటే చట్టం దృష్టిలో మీరు వినియోగదారు కారు. బతుకుదెరువుకు స్వయంగా చేసుకునే పని కోసం కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది. పన్ను కలిసొస్తుందని ఇంటి టీవీని కూడా వ్యాపారం జీఎస్టీ నంబరు మీద బిల్లు చేయించుకుంటారు కొందరు. అవతలి లాయరు మొదట చూపించేది ఆ బిల్లునే.

బిల్లు ఒకరి పేరు మీద, కార్డు ఇంకొకరిది అయితే ఇద్దరూ కలిసి ఫిర్యాదుదారులుగా చేరండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల ఇంటికి ఫ్రిజ్ ఆర్డర్ పెట్టిన సందర్భాల్లో ఈ చిక్కు తరచూ వస్తుంది. డబ్బు కట్టింది ఎవరు, వాడుతున్నది ఎవరు అన్నది మొదటి పేరాలోనే రాసేస్తే సరిపోతుంది.

## 3. కాగితాలు పోగేయండి

తొందరపడి ఈ పని దాటేయకండి. ఒక శనివారం పూర్తిగా దీనికే కేటాయించండి.

బిల్లుతో మొదలుపెట్టండి. షాపుల్లో ఇచ్చే నున్నటి థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. కొన్న రోజే ఫొటోకాపీ తీయించి, ఫోన్‌లో స్కాన్ చేసి, మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. ఇప్పటికే వెలిసిపోయి ఉంటే షాపులో డూప్లికేట్ అడగండి. ఫోన్ నంబరు చెబితే వాళ్ల సిస్టమ్‌లో దొరుకుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, ఆ మాట నెమ్మదిగా గుర్తు చేయండి.

తరువాత వాగ్దానం. ఇది ఏ రూపంలో ఉన్నా పనికొస్తుంది: పత్రిక మొదటి పేజీ ప్రకటన, కరపత్రం, షాపు ముందు కట్టిన ఫ్లెక్సీ ఫొటో, వచ్చిన ఎస్ఎంఎస్, వెబ్‌సైట్ పేజీ. పత్రిక అయితే తేదీ, ఎడిషన్ కనిపించేలా పూర్తి పేజీ ఉంచండి, ప్రకటన వరకే కత్తిరించకండి. వెబ్‌పేజీ అయితే అడ్రస్ బార్, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా భద్రపరచండి. ఆఫర్ ముగిశాక ఆ పేజీ తీసేస్తారు. అప్పుడు పాత వెబ్‌పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్లో ఆ లింకు పెట్టి చూడండి, ఒక్కోసారి పాత కాపీ దొరుకుతుంది.

షరతుల పేజీని వదిలేయకండి. "నియమ నిబంధనలు వర్తిస్తాయి" అన్న చుక్క గుర్తు వెనక ఉన్నదంతా చదవాలి. కనీసం ఎంత కొనాలి, ఏ కార్డు, పూర్తి సొమ్మా ఈఎంఐనా, ఎన్ని రోజుల్లో నమోదు చేసుకోవాలి, ఒక్కో కార్డుకు ఎన్నిసార్లు ఇస్తారు. ఒక్కో షరతు పక్కన మీరు పాటించినట్టు చూపే రుజువు ఏదో పెన్సిల్‌తో రాసుకోండి. రుజువు లేని షరతు ఏదైనా మిగిలితే ఇప్పుడే తెలుస్తుంది, వాయిదా రోజు కంగారు పడక్కర్లేదు.

అంతా నోటిమాటేనా? ఇప్పుడైనా ఒక పని చేయండి. ఆ సేల్స్‌మన్‌కో, షాపు నంబరుకో ఇలా మెసేజ్ పెట్టండి: "ఫలానా తేదీన మీ దగ్గర ఫలానా ఫ్రిజ్ కొన్నాను. 90 రోజుల్లో 4,000 క్యాష్‌బ్యాక్ వస్తుందని చెప్పారు. ఇంకా రాలేదు, ఎప్పుడు వస్తుంది?" ఎదుటివాళ్లు "వస్తుంది సార్, ప్రాసెస్‌లో ఉంది" అని జవాబిస్తే చాలు, నోటిమాట కాగితమెక్కినట్టే. చాలా కేసుల్లో ఇంతకంటే బలమైన రుజువు ఉండదు.

ఫోన్‌లోని మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఇస్తే వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, అవి ఫోన్‌లో ఉన్నవాటి నకళ్లేనని చెప్పే సర్టిఫికెట్ జతచేయడం మేలు. పాతరోజుల్లో దీన్ని 65బి సర్టిఫికెట్ అనేవారు. కమిషన్ విచారణ సివిల్ కోర్టంత కఠినంగా ఉండదు కానీ, "ఆ స్క్రీన్‌షాట్ తయారు చేసింది" అని అవతలివాళ్లు అనకుండా ఇది కాపాడుతుంది. అసలు మెసేజ్‌లు ఉన్న ఫోన్‌ను రీసెట్ చేయకండి, కేసు తేలేదాకా అమ్మకండి.

ఫైల్లో ఉండాల్సినవి:

- బిల్లు, దాని స్కాన్ కాపీ
- చెల్లింపు రుజువు: కార్డు స్లిప్, యూపీఐ రసీదు లేదా బ్యాంక్ స్టేట్‌మెంట్
- ఆఫర్ ప్రకటన, షరతుల పేజీ
- నమోదు చేసుకుని ఉంటే ఆ నిర్ధారణ మెసేజ్, రిఫరెన్స్ నంబరు
- గడువు తేదీ నుంచి నేటిదాకా బ్యాంక్ లేదా వాలెట్ స్టేట్‌మెంట్
- షాపు, కంపెనీ, బ్యాంకులతో జరిగిన మెయిళ్లు, చాట్‌లు, టికెట్ నంబర్లు
- మీ ఆధార్ లేదా ఇంకేదైనా చిరునామా రుజువు

పైన ఐదోదాన్ని చాలామంది మరిచిపోతారు. డబ్బు రాలేదని చూపేది అదే. మొత్తం స్టేట్‌మెంట్ ఇచ్చి, సంబంధం లేని ఖర్చుల మీద నల్లగీత గీసేయొచ్చు.

## 4. ముందు రాతపూర్వకంగా అడగండి

కస్టమర్ కేర్ ఫోన్ కాల్స్‌తో రోజులు గడిచిపోతాయి, చేతికి ఏ ఆధారమూ రాదు. ఒకసారి ఫోన్ చేస్తే చేశారు, టికెట్ నంబరు తీసుకుని, అదే విషయం మెయిల్‌లో పెట్టండి.

ఆన్‌లైన్‌లో కొన్నదైతే సైట్లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, వివరాలు తప్పనిసరిగా ఉండాలి. ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఆ అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి మామూలు హెల్ప్ చాట్‌తో సరిపెట్టకుండా నేరుగా ఆ అధికారికే రాయండి. నెల దాటితే ఆ మౌనం కూడా మీకు రుజువే.

ఒక హెచ్చరిక. కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతికితే దొంగ నంబర్లు బోలెడు కనబడతాయి. నంబరు మీ బిల్లు మీదనుంచో, కంపెనీ యాప్‌లోనుంచో మాత్రమే తీసుకోండి. "క్యాష్‌బ్యాక్ జమ కావాలంటే యూపీఐ పిన్ కొట్టండి" అని ఎవరన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అవసరం ఉండదు. పొరపాటున పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

## 5. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915

కేసుకు ముందు ఇదొకటి తప్పక ప్రయత్నించండి. 1915కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. 8800001915కి వాట్సాప్ చేయొచ్చు, ఉమంగ్ యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. పెద్ద సంస్థల విషయంలో చిన్న క్యాష్‌బ్యాక్‌లు చాలాసార్లు ఇక్కడే తేలిపోతాయి.

అయితే హెల్ప్‌లైన్‌కు ఆదేశించే అధికారం లేదు. కంపెనీ "షరతులు పాటించలేదు" అని ఒక్క వాక్యం రాస్తే ఫిర్యాదు మూసేస్తారు. నిరాశపడకండి. ఆ వాక్యం మీకు దొరికిన వాళ్ల అధికారిక జవాబు. ఏ షరతు అన్నది కేసులో వాళ్లే చెప్పుకోవాల్సి వస్తుంది. డాకెట్ నంబరు (హెల్ప్‌లైన్ మీ ఫిర్యాదుకు ఇచ్చిన నంబరు), ఆ జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

## 6. నోటీసు పంపండి

లాయరు నోటీసే ఉండాలన్న నియమం లేదు. మీరే తెల్లకాగితం మీద రాయొచ్చు. ప్రధాన కార్యాలయం బెంగళూరులోనో ముంబయిలోనో ఉంటే ఇంగ్లీషులో పంపితే జవాబు త్వరగా వస్తుంది. నమూనా ఇది:

"విషయం: బిల్లు నం. ___, తేదీ ___ కొనుగోలుపై రావలసిన రూ. 4,000 క్యాష్‌బ్యాక్ చెల్లించకపోవడం గురించి.

1. ___ తేదీన మీ ___ శాఖలో రూ. 38,990 చెల్లించి ___ మోడల్ ఫ్రిజ్ కొన్నాను.
2. కొనుగోలుపై 90 రోజుల్లో రూ. 4,000 క్యాష్‌బ్యాక్ ఇస్తామని ___ తేదీ పత్రికా ప్రకటనలోనూ, మీ సిబ్బంది ___ తేదీన పంపిన సందేశంలోనూ తెలిపారు.
3. ఆఫర్ షరతులన్నీ పాటించాను. నమోదు నంబరు ___.
4. గడువు ___ తేదీతో ముగిసింది. ___, ___ తేదీల్లో అడిగినా చెల్లించలేదు.
5. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో ఆ మొత్తం నా ఖాతాకు జమ చేయగలరు. లేనిపక్షంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించి, అసలుతో పాటు వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు కోరతాను."

ఇందులో తిట్లు, బెదిరింపులు, "మిమ్మల్ని సోషల్ మీడియాలో పెడతాను" లాంటివి వద్దు. రేపు ఈ కాగితం చదివేది కమిషన్ అధ్యక్షులు. కోపం ఎంత ఉన్నా తేదీలు, అంకెలు మాత్రమే రాయండి.

షాపుకు ఒకటి, కంపెనీ ప్రధాన కార్యాలయానికి ఒకటి, సంబంధం ఉంటే బ్యాంకుకు ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో డెలివరీ రుజువు కూడా కావాలని అడగండి. అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీని వెంటనే ప్రింటు తీసుకోండి. అదే కాపీని మెయిల్‌లో కూడా పంపండి.

## 7. ఫిర్యాదు రాయండి

పదిహేను రోజులు గడిచాయి, జవాబు లేదు. ఇప్పుడు ఫిర్యాదు.

ఏ కమిషన్‌లో వేయాలన్నది సులువు. వస్తువుకు మీరు కట్టిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. మీరు నివసించే లేదా ఉద్యోగం చేసే జిల్లాలో వేయొచ్చు, కంపెనీ ఊరికి వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒకటి కంటే ఎక్కువ కమిషన్లు ఉన్నాయి కాబట్టి మీ ప్రాంతం దేని కిందికొస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ లెక్కలో చూసేది వస్తువుకు చెల్లించిన మొత్తాన్ని మాత్రమే, మీరు అడిగే పరిహారాన్ని కాదు.

ఫిర్యాదులో ఈ వరుస పాటించండి:

- కమిషన్ పేరు, ఊరు
- ఫిర్యాదుదారు పేరు, వయసు, చిరునామా, ఫోన్, మెయిల్
- ప్రతివాదులు 1, 2, 3: బిల్లు మీద ఉన్న అసలు కంపెనీ పేరు, శాఖ చిరునామా, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా
- జరిగిన సంగతులు, తేదీల వారీగా, ఒక్కో పేరాకు ఒక్కో నంబరుతో
- వ్యాజ్య కారణం (కేసు వేయడానికి దారితీసిన సంగతి) ఎప్పుడు తలెత్తింది
- ఈ కమిషన్‌కు అధికార పరిధి ఎలా ఉంది
- గడువులోపే వేస్తున్నట్టు
- ఇదే విషయం మీద ఇంకెక్కడా కేసు లేదన్న మాట
- కోరుతున్న ఉపశమనం, అంటే కమిషన్ మీకు ఏం ఇప్పించాలి
- ధ్రువీకరణ, సంతకం, జతచేసిన కాగితాల జాబితా, నోటరీ చేయించిన అఫిడవిట్

ప్రతివాది పేరు దగ్గర జాగ్రత్త. బోర్డు మీద ఒక పేరుంటుంది, బిల్లు కింద చిన్న అక్షరాల్లో ప్రైవేట్ లిమిటెడ్ అని వేరే పేరుంటుంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు పక్కన ఉన్న పేరే రాయండి. బోర్డు పేరు మీద తీర్పు వస్తే అమలు దగ్గర "ఆ పేరుతో సంస్థే లేదు" అంటారు.

చట్టం మాట ఎంత రాయాలి? కొంచెం చాలు. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతులు, ఇతర లాభాలు ఇస్తామనడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. తప్పుదోవ పట్టించే ప్రకటన సెక్షన్ 2(28)లో ఉంది, సేవా లోపం 2(11)లో ఉంది. మూడూ పేర్కొనండి. "ఉద్దేశం" రుజువు చేయడం కష్టం కాబట్టి మొదటిదాని మీదే ఆధారపడకండి. చెప్పింది చేయకపోవడం సేవా లోపం అన్న వాదన నిలబెట్టడం తేలిక.

షరతులు చిన్న అక్షరాల్లో దాచి ఉంటే 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలను ప్రస్తావించండి. ప్రకటనలో ప్రధాన వాగ్దానం ఏ భాషలో ఉందో వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలని, అక్షరాల తీరు కూడా అదే ఉండాలని అవి చెబుతున్నాయి. తెలుగు పత్రికలో క్యాష్‌బ్యాక్ పెద్ద తెలుగు అక్షరాల్లో వేసి, షరతులు చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తే అది నేరుగా వర్తిస్తుంది.

ఉపశమనం అడిగేటప్పుడు మితం పాటించండి. క్యాష్‌బ్యాక్ మొత్తం, గడువు తేదీ నుంచి వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు. నాలుగు వేల కేసులో ఐదు లక్షల పరిహారం అడిగితే మీ అసలు మాట బరువే తగ్గిపోతుంది. ఎన్నిసార్లు షాపుకు తిరిగారు, ఎన్ని రోజుల సెలవు పెట్టారు, జెరాక్సులకు, పోస్టుకు ఎంత అయింది అన్న లెక్క రాసి, దానికి తగ్గట్టు అడగండి.

రాయడం కష్టంగా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, వాళ్ల ఫోన్ 15100. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది.

## 8. ఇ-జాగృతిలో దాఖలు

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేయడానికి 2025 జనవరి 1 నుంచి పాత ఇ-దాఖిల్ స్థానంలో ఇ-జాగృతి పోర్టల్ వచ్చింది. మొబైల్, మెయిల్ ఓటీపీలతో ఖాతా తెరిచి, కొత్త వినియోగదారు ఫిర్యాదు ఎంచుకుని, రాష్ట్రం, జిల్లా కమిషన్ పెట్టి, కట్టిన ధర నింపి, పీడీఎఫ్‌లు ఎక్కించాలి. కమిషన్ ఆఫీసుకు వెళ్లి నేరుగా కూడా ఇవ్వొచ్చు. అలాగైతే ఎన్ని సెట్లు కావాలో, ఏ భాషలో కావాలో ముందు రోజే అక్కడ అడగండి.

ఎక్కించే ముందు చూసుకోండి:

- పేజీలన్నిటికీ వరుస నంబర్లు ఉన్నాయా
- ప్రతి పేజీ మీద సంతకం ఉందా
- స్కాన్‌లో అంకెలు చదవగలిగేలా ఉన్నాయా
- ఫిర్యాదులో రాసిన తేదీలు, జతచేసిన కాగితాల్లోని తేదీలు ఒకటేనా

పరిశీలనలో లోపాలుంటే సరిచేయమని తిప్పి పంపుతారు. అది తిరస్కరణ కాదు, టెన్షన్ పడకండి. అయితే వారం వారం లాగిన్ అయి చూస్తుండాలి. మెసేజ్ వస్తుందిలే అని ఊరుకుంటే సరిచేసే గడువు దాటిపోతుంది.

## 9. వాయిదాలు

ఫిర్యాదును స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. మీ మాట వినకుండా తిరస్కరించడానికి వీల్లేదు. ఆ రోజు అధ్యక్షులు రెండు మూడు ప్రశ్నలు అడగొచ్చు: ఎంత కట్టారు, ఎంత రావాలి, రుజువేది. మూడు వాక్యాల్లో చెప్పేలా ఇంట్లో ఒకసారి పైకి అనుకుని వెళ్లండి.

నోటీసు అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఇంకో 15 రోజుల దాకా పొడిగించొచ్చు, అంతే. 45 రోజులు దాటితే వాళ్ల జవాబు తీసుకోవడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. నోటీసు అందిన తేదీ మీరూ రాసుకోండి. గడువు దాటి జవాబు పెడితే లేచి ఆ తేదీలు చూపించండి.

రాజీకి అవకాశం ఉందనిపిస్తే ఇద్దరి అంగీకారంతో మధ్యవర్తిత్వానికి పంపుతారు. వెళ్లడం మంచిదే. ఒప్పందంలో మొత్తం, చెల్లించే తేదీ, ఏ ఖాతాకు అన్నవి రాయించండి. ఓచర్ ఇస్తామంటే ఒప్పుకోవాలా లేదా మీ ఇష్టం, నేనైతే ఒప్పుకోను. ఆ ఓచర్‌కు మళ్లీ షరతులుంటాయి.

తరువాత సాక్ష్యపు అఫిడవిట్, ఆపై వాదనలు. ఇక్కడ విచారణ ఎక్కువగా కాగితాల మీదే జరుగుతుంది. దూరంగా ఉంటే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరు కావడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రతివాది రాకపోయినా మీ అఫిడవిట్, కాగితాలు పడాల్సిందే. "వాళ్లు రాలేదు, గెలిచినట్టే" అనుకుని అఫిడవిట్ వేయకుండా ఓడిపోయినవాళ్లున్నారు. వాయిదాకు మీరే రాకపోతే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.

నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు, మనసు అందుకు సిద్ధం చేసుకోండి.

## 10. అవతలివాళ్లు చెప్పేవి, మీరు చెప్పాల్సినవి

"ఇది బ్యాంకు ఆఫర్, మాకు సంబంధం లేదు." మీ షాపులో, మీ బోర్డు మీద, మీ మనిషి చెబితేనే కొన్నాను అని ప్రకటన, మెసేజ్ చూపించండి. బ్యాంకును కూడా చేర్చి ఉంటే ఈ మాట ఎక్కువసేపు నిలవదు.

"మొదటి వెయ్యి మందికే." ఆ పరిమితి ప్రకటనలో ఉందా? ఉంటే ఆ వెయ్యి మంది జాబితా దాఖలు చేయమని కమిషన్‌ను కోరండి. లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.

"సీరియల్ నంబరు తప్పుగా ఎక్కించారు." బిల్లు మీది నంబరు, పెట్టె మీది నంబరు, వస్తువు వెనక స్టిక్కర్ ఫొటో మూడూ పక్కపక్కన పెట్టండి. తప్పు షాపు బిల్లులోనే ఉండడం నేను చూశాను.

"కేసులు బెంగళూరు కోర్టు పరిధిలోనే." వినియోగదారు ఉండే చోటే వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతుంది. "ఆర్బిట్రేషన్ షరతు ఉంది" (గొడవలు కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి) అన్నా, అది వినియోగదారుల కమిషన్‌కు అడ్డు కాదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

"వస్తువులో లోపం లేదు కదా." మన ఫిర్యాదు వస్తువు గురించి కాదు, ఇచ్చిన మాట గురించి. ఇది వాదనలో మొదటి వాక్యంగా చెప్పండి, కొందరు లాయర్లు చర్చను కావాలనే అటు లాగుతారు.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చూసుకోండి. వస్తువు వాపసు ఇచ్చి ఉన్నా, వేరే కార్డుతో కట్టి ఉన్నా, నమోదు గడువు మీరే దాటబెట్టినా ఈ కేసు వేయకండి. ఆ కష్టమూ, ఆ కమిషన్ సమయమూ వృథా.

## 11. తీర్పు వచ్చాక

తీర్పు కాపీ ఉచితంగా ఇస్తారు. అందులో ఎంత, ఎన్ని రోజుల్లో అని ఉంటుంది. కాపీతో పాటు మీ ఖాతా వివరాలు రాసిన లేఖను ప్రతివాదులందరికీ స్పీడ్ పోస్టులో పంపండి. ఖాతా నంబరు తెలియలేదన్న సాకు ఉండదు.

అప్పీలుకు 45 రోజుల గడువు, రాష్ట్ర కమిషన్‌లో. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే తీర్పు మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి. మీరు ఓడినా అదే 45 రోజుల్లో వెళ్లొచ్చు.

గడువు దాటినా డబ్బు రాకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. సెక్షన్ 71 కింద ఆ తీర్పును సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయిస్తారు. సెక్షన్ 72 కింద ఆదేశం ధిక్కరించినవాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నాలుగు వేలకు ఆరు నెలలు తిప్పిన సంస్థలు ఈ నోటీసు చేరిన వారంలో చెక్కు పట్టుకొచ్చిన సందర్భాలున్నాయి.

చెక్కు ఇచ్చేటప్పుడు "పూర్తిగా ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. అసలు, వడ్డీ, పరిహారం, ఖర్చులు నాలుగూ విడివిడిగా కూడి తీర్పుతో సరిచూడండి. చెక్కు ఖాతాలో జమైన మెసేజ్ వచ్చాకే సంతకం పెట్టండి.